తోక వైపు నుంచి

సత్తుపల్లి నుంచి అశ్వారావుపేట వెళ్లే బస్సుల్లో కండక్టర్లు "కిరణ్ స్టేజీ, కిరణ్ స్టేజీ" అని కేకేస్తారు. దిగేవాళ్లలో సగం మంది ఈ కిరణ్ ఎవరో యుద్ధంలో ప్రాణం పోగొట్టుకున్న కుర్రవాడనే అనుకుంటారు. రోడ్డు పక్కన సిమెంటు దిమ్మెల మీద చిన్న జెట్టు విమానం, దాని తోక మీద పెద్ద తెలుగు అక్షరాల్లో ఆ పేరు. ఇంకేమనుకుంటారు? ఒకప్పుడు ఇక్కడ మిలిటరీ ఉద్యోగాలకు కోచింగ్ ఇస్తామంటూ ఒక కాలేజీ వెలిసింది. యాజమాన్యం ఎక్కడో తుక్కు వేలంలో ఈ విమానాన్ని కొని తెచ్చి గేటు ముందు నిలబెట్టింది. ఆ రకం విమానాలన్నింటికీ ఉన్న పేరునే తోక మీద రాయించింది. పిల్లలు చేరలేదు, కాలేజీ మూతపడింది, విమానం మిగిలింది. ఇప్పటికీ ఆగస్టు పదిహేనుకు ఎవరో ఒకరు దానికి దండ వేసి "కిరణ్ అమర్ రహే" అంటారు. చచ్చిపోవడానికి ఆ కిరణ్ అసలు పుట్టనే లేదు పాపం.

ఈ సంగతి తెలిసిన కొద్దిమందిలో సారంగపాణి ఒకడు. ఓపెన్‌కాస్టు బొగ్గు గనిలో, మట్టి మోసే డంపర్లు బాగుచేసే వర్క్‌షాపులో ఫిట్టరు. అతని రిటైర్మెంటు దగ్గర పడింది, మోకాళ్లు మాత్రం ముందే రిటైరయ్యాయి. ఆదివారం వచ్చిందంటే బండికి ప్లాస్టిక్ బకెట్టు తగిలించుకుని, పాత బనీన్లు, ఒక షాంపూ ప్యాకెట్టు జేబులో కుక్కుకుని విమానం దగ్గరికి వచ్చేస్తాడు. ఎవరూ రమ్మనలేదు, ఎవరూ వద్దనలేదు.

దసరా వెళ్లిన తరవాతి ఆదివారం కూడా అలాగే వచ్చాడు. అతని పద్ధతి ఎప్పుడూ ఒకటే. బండికి స్టాండు వేయగానే ముందు విమానం ముక్కు దగ్గరికి వెళతాడు. అక్కడ బొట్టు ఉంటుంది. పసుపు పూసి, మీద కుంకుమ అద్ది, ఒక్కోసారి నాలుగు బియ్యం గింజలు కూడా అంటించి. దాన్ని తుడిచేస్తే గాని అతనికి మిగతా పని మీద మనసు పోదు.

"ముత్తక్కా! మళ్ల పెట్టినవా?"

రెక్క నీడలో చీపుర్లు, ఉసిరికాయలు, తేనె సీసాలు పరుచుకుని కూర్చున్న ముత్తక్క తల ఎత్తకుండానే "అవ్" అంది. దమ్మపేట అవతల అడవిలో ఉన్న పల్లె నుంచి ఆటోలో వచ్చి ఇక్కడ అమ్ముకుంటుంది. పక్కనున్న మనిషితో తమ భాషలో ఏదో అంది. ఇద్దరూ నవ్వారు. ఆ నవ్వు తన మీదేనని సారంగపాణికి తెలుసు.

"ఇది దేవుడు గాదు, మనిషి గాదు. మిషను. ఎన్నిసార్లు చెప్పాలె నీకు?"

"పేరుంది గద."

"అది దీని రకం పేరు. గిసొంటివి శానా ఉన్నయ్. నువ్వు చీపురంటవు, లోకంల చీపురు ఒక్కటే ఉంటదా?"

"చీపురు మీద నేను పేరు రాయలే," అంది ముత్తక్క. "ఎండల నీడ ఇస్తడు. వానల తడవనియ్యడు. జర్ర బొట్టు పెడితే నీదేం పోయింది?"

"రంగు పోయింది!"

"నువ్వు రుద్ది రుద్ది పోగొట్టినవ్."

సారంగపాణి చూసుకున్నాడు. ముక్కు మీద, బొట్టు పడేచోట, రంగు అరిగి కింద అల్యూమినియం తెల్లగా బయటపడుతోంది. కుంకుమ వల్లనో, తన బనీను గుడ్డ వల్లనో చెప్పడం కష్టం. గుడ్డ పిండి రెక్క వైపు నడిచాడు.

రెక్క కడగడమంటే అతనికి ఇష్టం. అరచేతిని రివెట్ల వరస మీద పెట్టి చివరిదాకా జరుపుకుంటూ పోతాడు. ఒక్క రివెట్టు కూడా చేతికి తగలదు, అంత నున్నగా దించారు. వర్క్‌షాపులో అతని చేతికి తగిలేవన్నీ ముద్దలు ముద్దలుగా ఉంటాయి. మొద్దు బోల్టులు, గ్రీజు, బొగ్గు మట్టి. నేలను తవ్వే మిషన్ల కింద వీపు ఆనించి బతికినవాడికి, గాలి కోసం చేసిన ఈ వస్తువు మీద చెయ్యి వేస్తే చాలు, ఒళ్లంతా తేలికవుతుంది. ఈ మాట ఎవరితోనైనా అంటే నవ్వుతారని అతను అనడు.

రెండో రెక్క సగంలో ఉండగా కారు వచ్చి ఆగింది. రాంబాబు దిగాడు. కాలేజీ జాగా కొని, అందులో ఫంక్షన్ హాలు కడుతున్నాడు. మాట మంచిది, మనిషి తొందర.

"సారంగపాణి గారూ, మీకు ముందే చెబుదామని ఆగాను. గురువారం దీన్ని తీసేయిస్తున్నాను. కటింగ్ వాళ్లొస్తారు."

సారంగపాణి చేతిలో గుడ్డ నుంచి నీళ్లు కారుతూనే ఉన్నాయి.

"తీసేసుడెందుకండీ? ఆ మూలకు జరుపుకుందం. మా వర్క్‌షాపోళ్లం వచ్చి జాకీలు పెట్టి మేమే జరుపుతం."

"మూలకి జనరేటర్ రూమొస్తుంది. అసలు సంగతి చోటు కాదండీ." రాంబాబు గొంతు తగ్గించాడు. "హాలు చూడ్డానికొచ్చిన వాళ్లు గేట్లోనే దీన్ని చూసి వెనక్కిపోతున్నారు. చచ్చిపోయినవాడి గుర్తు ముందు మా అమ్మాయి పెళ్లేంటి అంటున్నారు. పెళ్లివారికి శకునం ముఖ్యం కదా."

"సచ్చినోడు ఎవ్వడు లేడండీ! కిరణంటే విమానం పేరు."

"నాకు తెలుసు. వచ్చినవాళ్లందరికీ మీరు గేట్లో నిలబడి చెబుతారా?"

చెబుతానని అనబోయాడు గాని, తను చెప్పగా ముత్తక్కే నమ్మలేదని గుర్తొచ్చి గుడ్డ బకెట్టులో ముంచాడు.

"మీరు దిగులు పడకండి," అన్నాడు రాంబాబు కారెక్కుతూ. "హైదరాబాద్ నుంచి ఒకాయన ఫోన్ చేశాడు. విమానాలంటే పిచ్చట. మొన్న మిగ్ విమానాలు రిటైరయ్యాయి కదా, అప్పట్నుంచీ వీళ్లకి ఇది ఇంకా ముదిరింది. ఆయన కాపాడతానంటున్నాడు. బుధవారం వస్తాడు, మీరే మాట్లాడండి."

కాపాడతానన్న ఆ ఒక్క మాట పట్టుకుని సారంగపాణి ఆ రోజు విమానాన్ని మొత్తం కడిగాడు. చక్రాల మధ్య బురద కూడా పుల్లతో గీకాడు. కొత్తవాళ్లు వస్తున్నారంటే ఇల్లు శుభ్రంగా ఉండాలి కదా.

ఇంట్లో భార్య సునంద అన్నం పెడుతూ విన్నది. "ఎవరో తీసుకపోయి మంచిగ చూసుకుంటరంటే సంతోషపడక, ఆ మొఖం ఏంది?"

"ఆదివారం ఏం చెయ్యాలె మరి?"

"ఇంట్ల ఫ్యాన్లున్నయ్. అవి గూడ తిరుగుతయ్. అవి తుడువు."

నవ్వు రాకపోయినా నవ్వాడు. సునంద మరో గరిటె పప్పు వేసింది. అతనికి బాధగా ఉన్నప్పుడు ఆమె చేసేది అంతే.

మర్నాడు వర్క్‌షాపులో ఒక పాత డంపరును తుక్కు యార్డుకు పంపే పని పడింది. ఇక పనికిరాదని కండెం చేశారు. ఇంజన్ ఎప్పుడో దించేశారు, టైర్లు వేరే బండ్లకు పోయాయి. దాన్ని చాన్నాళ్లు నడిపిన జంపయ్యను షిఫ్టు మధ్యలో పిలిపించారు. లాగడానికి గొలుసు తగిలించి అందరూ అతని కోసం ఆగారు. జంపయ్య వచ్చి, మెట్లెక్కి, అద్దం కింద దసరా నాటి బొట్టును భుజం మీది తువ్వాలుతో తుడిచాడు. పక్కన ఎండిపోయిన నిమ్మకాయ దండను తెంపి జేబులో వేసుకున్నాడు. "ఇగ పో," అన్నాడు డంపరుతో. దిగి ఎవరి మొహమూ చూడకుండా టీ బంకు వైపు వెళ్లిపోయాడు.

అది అక్కడి పద్ధతి. ఏటా దసరాకు పూజ చేసిన బండిని బొట్టుతో తుక్కుకు పంపరు. ఇన్నాళ్లూ చూసుకుని సాదుకున్నవాడే బొట్టు తుడవాలి. తుడిచాక అది ఉత్త ఇనుము. సారంగపాణి ఈ తంతు చాలాసార్లు చూశాడు. ఆ రోజు మాత్రం చూడలేక, లేని పానా వెతుక్కుంటున్నట్టు టూల్ బాక్సులో తల దూర్చాడు.

బుధవారం పొద్దున్నే శ్రీధర్ వచ్చాడు. ముప్పై దాటని సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. సెలవు పెట్టి, కారు తనే నడుపుకుంటూ వచ్చాడు. దిగీ దిగగానే చెప్పులు విడిచి విమానం చుట్టూ నడిచాడు. ఒక చోట ఆగి, వంగి, చెరిగిపోయిన విమానం నంబరును వేలితో తడిమి, "అమ్మా, నువ్వేనా!" అన్నాడు. ఆ మాట విన్నాక సారంగపాణికి ఆ కుర్రవాడి మీద నమ్మకం కుదిరింది. తనలాంటి మనిషి ఇంకొకడు ఉన్నాడని తెలియడం పెద్ద సంతోషం.

"ఇంత శుభ్రంగా ఎవరు చూసుకుంటున్నారు అంకుల్? బయట ఇన్నేళ్లున్న కిరణ్‌ని ఇలా నేనెక్కడా చూడలేదు."

"నేనే బిడ్డా. ఆదివారం ఆదివారం." సారంగపాణి గర్వంగా రెక్క మీద చెయ్యి వేశాడు. "యుద్ధంల దూకిన బండి. గీ మాత్రం చెయ్యొద్దా?"

శ్రీధర్ కొంచెం ఇబ్బందిగా నవ్వాడు. "ఇది యుద్ధానికి పోయేది కాదు అంకుల్. ట్రైనర్. పిల్లలకి నేర్పే విమానం. పక్కపక్కనే రెండు సీట్లుంటాయి చూడండి. ఒకటి నేర్చుకునేవాడికి, ఒకటి నేర్పేవాడికి."

ఇన్నేళ్లుగా బస్సు దిగినవాళ్లకు తను చెప్పిన కథలన్నీ సారంగపాణికి గుర్తొచ్చాయి. బాంబులు వేసిందనీ, సరిహద్దు దాటి తిరిగొచ్చిందనీ. రెక్క మీది చెయ్యి తీసేశాడు. కాసేపటికి అద్దంలోంచి లోపలికి తొంగి చూశాడు. ఎన్నోసార్లు చూసిన సీట్లే. ఒకటి నేర్పేవాడిది. వర్క్‌షాపులో కొత్తగా చేరిన కుర్రాళ్ల చేతికి మొదటి రోజు పానా ఇచ్చి, మరను ఎటు తిప్పాలో చూపించేది తనే. అది తెలిశాక విమానం చిన్నబోలేదు. ఇంకాస్త దగ్గరగా వచ్చినట్టయింది.

"మరి దీన్ని ఎట్ల తీసుకపోతవ్? రెక్కలు విప్పుదమా? బోల్టులకు నూనె కొట్టి పెడ్త."

శ్రీధర్ రెక్క కింద నేల మీద చతికిలబడ్డాడు. ముత్తక్క అతని చేతిలో ఒక ఉసిరికాయ పెట్టింది.

"మొత్తం తీసుకెళ్లలేను అంకుల్. మా ఇంటి వెనక షెడ్డు ఉంది. అందులో ముక్కు భాగం పడుతుంది. అద్దం, సీట్లు, మీటర్లు ఉన్నంత వరకు. ఇలాంటివి నా దగ్గర ఇంకో రెండున్నాయి. వాటికి రంగులేసి, లోపల లైట్లు పెట్టి బాగా చూసుకుంటాను. మీరొచ్చి చూడొచ్చు."

"ముక్కు? మరి కడమది?"

"తుక్కుకే పోతుంది." శ్రీధర్ ఉసిరికాయను చేతిలో తిప్పాడు. "చాలా చోట్ల అడిగాను. మ్యూజియం వాళ్లని అడిగాను, కాలేజీల్ని అడిగాను. అందరూ వద్దన్నారు. నేను ఆ ముక్క తీసుకోకపోతే అది కూడా పోతుంది."

అబద్ధం చెప్పే మొహం కాదు అతనిది. అందుకే సారంగపాణికి కోపం తెచ్చుకోవడానికి కూడా దారి లేకపోయింది. తల నరికి దాచుకోవడాన్ని కాపాడటమంటారా అని అడగాలనిపించింది. కాని అడిగితే ఆ కుర్రవాడు ఏడ్చేలా ఉన్నాడు.

"ఏడ కోస్తరు?" అని మాత్రం అడిగాడు.

శ్రీధర్ లేచి, అద్దం వెనక ఒక చోట వేలితో అడ్డంగా గీత గీసి చూపించాడు. దుమ్ములో ఆ గీత అలాగే నిలిచింది.

సారంగపాణి ఆ సాయంత్రం గని మేనేజరు దగ్గరికి వెళ్లి, కాలనీ పార్కులో విమానానికి చోటిస్తారా అని అడిగి చూశాడు. ఆయన మర్యాదగానే విన్నాడు. గని జాగాలో ఒక మొక్క నాటాలన్నా పైనుంచి ఉత్తర్వు రావాలని చెప్పి, ఒంట్లో ఎలా ఉంది, మోకాళ్లెలా ఉన్నాయని అడిగాడు. మోకాళ్లు బాగానే ఉన్నాయని చెప్పి వచ్చేశాడు.

గురువారం అటు పోకూడదనే అనుకున్నాడు. అతనిది రెండో షిఫ్టు. పొద్దుటి నుంచి సునంద కంటపడకుండా స్టూలెక్కి ఫ్యాను రెక్కలు తుడుస్తున్నాడు. ఆమె చూసింది గాని, చూడనట్టు వంటింట్లోకి వెళ్లిపోయింది. అప్పుడే ఫోన్ మోగింది. రాంబాబు.

"సారంగపాణి గారూ, ఒక్కసారి రావాలి. మీరు లేకుండా పనయ్యేలా లేదు. దయచేసి మీరు తుడుచుకునే గుడ్డ కూడా తెండి."

విషయం ఏమిటో రాంబాబు ఫోన్లో చెప్పలేదు. సారంగపాణి అలవాటు కొద్దీ బకెట్టు కూడా తగిలించుకుని బయలుదేరాడు.

అక్కడ జనం పోగయ్యారు. లారీ ఉంది, చిన్న క్రేను ఉంది, జనరేటర్ ఆగి ఉంది. కటింగ్ మిషను నేల మీద పెట్టి, పక్కన చేతులు కట్టుకుని ధన్‌సింగ్ నిలబడి ఉన్నాడు. ఇల్లందు వైపు తండా మనిషి. లారీలు, రోడ్డు రోలర్లు, మూతపడ్డ మిల్లులు కోసి కోసి చేతుల నిండా నిప్పురవ్వల మచ్చలు.

విమానం ముక్కు మీద బొట్టు ఉంది. ఎప్పుడూ పెట్టేదానిలా కాదు. ముక్కంతా పసుపు, మధ్యలో అరచేయంత కుంకుమ, ముందు చక్రం దగ్గర కొట్టిన కొబ్బరికాయ, కోసిన నిమ్మకాయలు, బంతిపూల దండ. ముత్తక్క ఇవాళ అమ్మకానికి ఏమీ పరచలేదు. చీపుర్ల కట్ట విప్పకుండా పక్కన పెట్టుకుని కూర్చుంది.

"పోతుండు గద," అంది సారంగపాణిని చూసి, తప్పు చేసినట్టు. "ఉత్తగ ఎట్ల పంపాలె?"

రాంబాబు ఎదురొచ్చాడు. "చూడండి, ఈ బొట్టు చూసి ఇతను మిషను పట్టుకోనంటున్నాడు!"

"మాకొక పద్ధతుంది సార్," అన్నాడు ధన్‌సింగ్ మెల్లగా. ఆ మాట అంతకు ముందే నాలుగైదుసార్లు చెప్పి విసిగినట్టున్నాడు. "బొట్టున్న బండిని కొయ్యం. మా నాయన గూడ కొయ్యలే. సాదుకున్నోడు తన చేత్తోటి తుడవాలె. తుడిస్తే నేను రెడీ."

"నేను ఓనర్ని. నేను తుడుస్తానయ్యా!"

"మీరు కొన్నరు సార్. సాదలే."

"నేను తుడవనా?" అని శ్రీధర్ లోగొంతుకతో అడిగాడు. ధన్‌సింగ్ తల అడ్డంగా ఊపాడు.

"ఎవలు సాదిన్రు అని అడిగిన," అన్నాడు సారంగపాణి వైపు తిరిగి. "అందరు నీ పేరే చెప్పిన్రు అన్నా."

సారంగపాణి ముత్తక్క వైపు చూశాడు. ఆమెకు ఈ పద్ధతి సంగతి తెలియదు. బొట్టు పెట్టి ఆపాలని ఆమె అనుకోలేదు, సాగనంపాలనే అనుకుంది. తెలిసినవాడు తను. ఆదివారం ఆదివారం వచ్చి, ఎవరూ చెప్పకుండానే, తిట్టుకుంటూ తుడిచిన బొట్టు ఇదే. ఒక్కసారి కూడా చెయ్యి ఆగలేదు. ఇవాళ దాన్ని తుడిచేందుకు ఇందరు కాచుకుని ఉన్నారు.

"కానియ్యండి," అన్నాడు రాంబాబు. "రెండు నిమిషాల పని. మీకు అలవాటేగా."

సారంగపాణి బోరు దగ్గర బకెట్టు నింపుకుని వచ్చాడు. షాంపూ ప్యాకెట్టు పంటితో చింపి నీళ్లలో పిండాడు, చేత్తో కలిపి నురుగు వచ్చేదాకా చూశాడు. గుడ్డ ముంచి, పిండాడు. జనం పక్కకు జరిగి ముక్కు దాకా దారి ఇచ్చారు. ధన్‌సింగ్ తుండు తీసి మొహానికి కట్టుకున్నాడు.

సారంగపాణి ఆ దారిలో రెండడుగులు వేశాడు. ఎండలో కుంకుమ మెరుస్తోంది. దాని వెనక శ్రీధర్ గీసిన గీత ఇంకా ఉంది. అతను బకెట్టు చేతులు మార్చుకుని, రెక్క కింది నుంచి వంగి, విమానం వెనక్కి వెళ్లాడు. బకెట్టు తోక కింద పెట్టాడు. 'కిరణ్' అన్న పేరులో మొదటి అక్షరం మీద గుడ్డ ఆనించి రుద్దడం మొదలుపెట్టాడు.

"సారంగపాణి గారూ, బొట్టు ఇటు!"

"కనపడ్తాంది."

"మరి?"

"ఇయాల తోక నుంచి మొదలుపెట్టిన."

మొదట ఎవరికీ అర్థం కాలేదు. 'కి' గుడిలో దుమ్ము చేరితే గుడ్డ అంచును వేలికి చుట్టుకుని తీశాడు. వెనక్కి జరిగి, తల వంచి చూసి, మళ్లీ రుద్దాడు. ముందుగా అర్థమైంది ధన్‌సింగ్‌కి. మొహానికి కట్టుకున్న తుండు విప్పి దులిపి భుజాన వేసుకున్నాడు. మిషనుకున్న కోసే పళ్లెం విప్పి గుడ్డలో చుట్టాడు. తరవాత లారీ నీడలో కూర్చుని బీడీ ముట్టించాడు.

మధ్యాహ్నం దాకా సారంగపాణి తోక దగ్గరే ఉన్నాడు. మోకాళ్లు సలుపుతున్నాయి. సాయంత్రం షిఫ్టుకు పోవాలని, ఇలా ఎన్నాళ్లు సాగుతుందని, ఇదంతా పిచ్చిపనని మనసులో అనుకుంటూనే ఉన్నాడు. చెయ్యి మాత్రం ఆగలేదు. క్రేను వాడు ఇంకోచోట పని ఉందని వెళ్లిపోయాడు. రాంబాబు ముందు నవ్వాడు, తరవాత బతిమాలాడు, చివరికి అరిచాడు.

"ఖమ్మం నుంచి వేరేవాణ్ణి తెప్పిస్తాను! వాడికి ఏ బొట్టూ అడ్డం రాదు!"

"తెప్పించుకోండి," అన్నాడు సారంగపాణి. గొంతులో కోపం లేదు, అలసట ఒక్కటే ఉంది. "వాడొచ్చేదాక తుడుచుకుంట."

కారు వెళ్లిపోయింది. ధన్‌సింగ్ కూడా సామాను లారీలో వేసుకుని, పోతూ పోతూ విమానం ముందు ఒక్క క్షణం ఆగి చెయ్యి గుండెకు ఆనించి వెళ్లాడు. శ్రీధర్ ఒక్కడే మిగిలాడు. చాలాసేపు అటూ ఇటూ నడిచి, ఆఖరికి తోక దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"అంకుల్, వేరేవాళ్లొస్తే నాకు ఆ ముక్క కూడా దక్కదు. తెలుసా మీకు?"

"తెలుసు బిడ్డా."

"మరి ముక్కు దాకా ఎప్పుడొస్తారు?"

సారంగపాణి గుడ్డ పిండి, దులిపి, రెండో అక్షరం మీద పెట్టాడు.

"వస్త బిడ్డా. ఇంకా తోకనే కాలే."

శ్రీధర్ అతని చేతి వైపు చూశాడు. చొక్కా చేతులు పైకి మడిచి, బకెట్టు అంచున ఉన్న రెండో బనీను గుడ్డ తీసుకున్నాడు. నీళ్లు అప్పటికే నల్లబడ్డాయి. ముత్తక్క లేచి వచ్చి, బకెట్టు ఎత్తుకుని బోరు వైపు నడిచింది.